చచ్చిన ఏనుగు ధర: విమానవాహక నౌకల చివరి ప్రయాణాలపై ఒక సమీక్ష

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మన సామెత. 2021లో అమెరికా నౌకాదళం ఈ సామెతను తలకిందులు చేసింది. కిట్టీ హాక్ అనే 80 వేల టన్నుల విమానవాహక నౌకను తుక్కు కింద ఒక కంపెనీకి అప్పగిస్తూ ధర ఒక సెంటు అని కాగితం రాసుకుంది. డాలరులో నూరోవంతు, మన లెక్కలో ముప్పావు రూపాయి. అదే బేరంలో జాన్ ఎఫ్. కెనడీ అనే మరో నౌకను ఇంకో సెంటుకు వదిలించుకుంది.

కిట్టీ హాక్ విధుల్లో చేరింది 1961 ఏప్రిల్ 29న. ఆ ఏడాది విమానవాహక నౌకలకు కాన్పుల ఏడాది. మార్చి 4న మన విక్రాంత్, నవంబరు 22న ఫ్రాన్స్ నౌక క్లెమెన్సో, మరో మూడు రోజులకు ప్రపంచంలోనే తొలి అణుశక్తి విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ కొలువులో చేరాయి. ఒకే ఏడు పుట్టిన ఈ నాలుగింటి చావులకు మాత్రం పొంతన లేదు. విక్రాంత్‌ను దాదాపు 60 కోట్ల రూపాయలు పోసి తుక్కు వ్యాపారులు కొనుక్కున్నారు. కిట్టీ హాక్ సెంటుకు పోయింది. క్లెమెన్సో తుక్కు కావడానికి మన దేశానికి బయలుదేరి, దారిలోంచే వెనక్కి మళ్లింది. ఎంటర్‌ప్రైజ్‌ను విడగొట్టడానికైతే అమెరికా ప్రభుత్వమే 2025లో ఒక కంపెనీకి సుమారు 53.7 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పందం చేసుకుంది.

అన్నీ ఇనుమే. ఒకచోట కొనేవాడు కోట్లిస్తాడు, ఒకచోట చిల్లర విసురుతాడు, ఇంకోచోట అమ్మేవాడే ఎదురుకట్నం ఇస్తాడు. ఈ తేడా ఇనుము ధరలో లేదు. ఓడలో ఇనుముతోపాటు విషం కూడా ఉంటుంది. ఆ విషాన్ని ఎవరు మోస్తారు, ఆ మోతను ఎవరి ఖాతాలో రాస్తారు అన్నదాన్ని బట్టే చచ్చిన ఓడ ధర తేలుతుంది. గత ఇరవై ఏళ్లలో జరిగిన చివరి ప్రయాణాలను వరసగా పరిశీలిస్తే ఈ సంగతే కనిపిస్తుంది.

ఇనుము లోపల ఏముంది

విమానవాహక నౌక అంటే వేలమంది నివసించే ఊరు. దాని కడుపులో బాయిలర్లు, మైళ్ల కొద్దీ ఆవిరి గొట్టాలు, కరెంటు తీగలు. 1980లకు ముందు కట్టిన నౌకల్లో వీటి వేడినంతా ఆపింది ఆస్బెస్టాసే. బాయిలర్ల చుట్టూ, గొట్టాల మీద, గోడల మధ్యన అదే ఉండేది. కేబుళ్ల తొడుగుల్లో, ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీలనే విష రసాయనాలు. రంగుల్లో సీసం. ట్యాంకుల అడుగున గడ్డకట్టిన చమురు మడ్డి.

మన ఊళ్లలో సిమెంటు రేకులని పిలిచే కప్పుల్లోనూ ఆస్బెస్టాసే ఉంది కాబట్టి దానితో ప్రమాదమేముందని మనకు అనిపించవచ్చు. కదపనంతవరకు అది నిద్రపోతున్న పాము. కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు కంటికి కనపడని పోగులుగా లేచి ఊపిరితిత్తుల్లో దిగబడుతుంది. రోగం బయటపడేది 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత. అప్పటికి ఆ ఓడను కోసిన కంపెనీ లెక్కల పుస్తకాలు మూసి ఏళ్లు గడిచిపోతాయి. కోసినవాడు ఏ ఊళ్లో దగ్గుతున్నాడో ఎవరూ రాసి పెట్టుకోరు.

అమెరికాలో నౌకాదళం తన ఓడలను సొంత గడ్డ మీదే విడగొట్టిస్తుంది. అక్కడ ఆస్బెస్టాస్‌ను తీసే కూలి, దాన్ని పూడ్చే ఖర్చు, వేల మైళ్లు లాక్కుపోయే టగ్ బోటు అద్దె అన్నీ కొనేవాడి నెత్తినే పడతాయి. ఇనుము, రాగి అమ్మితే వచ్చేదానికీ ఈ ఖర్చుకూ చెల్లు. మిగిలింది ఒక సెంటు. ఆ బొటాబొటి లెక్క కాస్త అటు ఒరిగితే సెంటు కూడా రాదు. 1961లోనే కొలువెక్కిన కాన్‌స్టెలేషన్ అనే మరో నౌకను తీసుకెళ్లేందుకు 2014లో అమెరికా నౌకాదళమే 30 లక్షల డాలర్లు ఎదురిచ్చింది.

మన దగ్గర 60 కోట్లు ఎందుకు పలికింది? కొంత మన తుక్కు బజారు నేర్పు: ప్లేటు నేరుగా రోలింగ్ మిల్లుకు పోతుంది, కుర్చీ, మంచం, గిన్నె, జనరేటరు దేనికీ కొనేవాడు లేకపోడు. కొంత కూలి చౌక. మిగిలిన కొంత, లెక్కల్లోకి ఎక్కని ఊపిరితిత్తుల ఖరీదు.

ప్రాణం లేని ఓడను లాగడం

ఇంజను ఆగిపోయి, చుక్కాని బిగుసుకుపోయి, లోపల మనిషి లేని ఓడను సముద్రం మీద లాక్కుపోవడం ఒంటెద్దు బండి మీద మేడను తరలించడం లాంటిది. ఎత్తైన పక్కలు తెరచాపలా గాలిని పట్టుకుంటాయి. ముందున్న టగ్‌కూ వెనకున్న ఓడకూ మధ్య వందల మీటర్ల ఉక్కు మోకు. అది తెగితే ఓడ ఎటు పోతుందో గాలికే తెలియాలి.

కిట్టీ హాక్ 2022 జనవరి 15న అమెరికా పడమటి తీరంలోని బ్రెమెర్టన్ నుంచి బయలుదేరింది. పనామా కాలువలో పట్టేంత సన్నటిది కాదు. కాబట్టి దక్షిణ అమెరికా కొస దాకా దిగి, మెజెలాన్ జలసంధి దాటి, మళ్లీ పైకెక్కి మే నెలాఖరుకు టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్ చేరింది. దాదాపు 16 వేల మైళ్లు, నాలుగున్నర నెలలు. వియత్నాం యుద్ధంలో విమానాలను ఎగరేసిన నౌక తన చివరి ప్రయాణాన్ని మనిషి నడిచే వేగానికి కాస్త ఎక్కువగా సాగించింది.

అది క్షేమంగానే చేరింది. అన్నీ అలా చేరవు. 1951లో బ్రెజిల్‌కు చెందిన సావో పావ్లో అనే పాత యుద్ధనౌకను తుక్కు కోసం బ్రిటన్‌కు లాక్కెళ్తుండగా అజోర్స్ దీవుల ఉత్తరాన తుపానులో మోకు తెగింది. కాపలాకు ఉన్న ఎనిమిది మందితో సహా నౌక జాడ మళ్లీ దొరకలేదు. ఈ పేరు గుర్తుంచుకోండి. ఏడు దశాబ్దాల తర్వాత అదే పేరున్న మరో బ్రెజిల్ నౌక కూడా తుక్కు యార్డుకు చేరలేదు.

వెళ్లి తిరిగొచ్చిన క్లెమెన్సో

ఫ్రాన్స్ క్లెమెన్సోను 1997లో కొలువు నుంచి తప్పించింది. ఫ్రాన్స్‌లో ఆస్బెస్టాస్‌ను నిషేధించిందీ ఆ ఏడే. 2003లో ఒక స్పెయిన్ కంపెనీకి అమ్మారు. నౌకను చెప్పినచోటికి కాక టర్కీ వైపు మళ్లిస్తున్నారని తెలిసి ఒప్పందం రద్దు చేశారు. ఆ తర్వాత కొంత ఆస్బెస్టాస్ తీయించి, మిగిలినదాన్ని మన గుజరాత్‌లోని అలంగ్‌లో తీసుకోవచ్చనుకుని 2005 డిసెంబరు 31న తూలోన్ రేవు నుంచి సాగనంపారు.

గొడవంతా మిగిలిన ఆస్బెస్టాస్ ఎంతన్నదాని మీదే. ప్రభుత్వం ఒక అంకె చెప్పింది, పని చేసిన కంపెనీ ఇంకో అంకె, గ్రీన్‌పీస్ మరో అంకె. సూయెజ్ దగ్గర ఈజిప్టు కొన్నాళ్లు ఆపింది. ఢిల్లీలో సుప్రీంకోర్టు, విచారణ తేలేదాకా నౌక మన జలాల్లోకి రాకూడదంది. పారిస్‌లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం 2006 ఫిబ్రవరి 15న ఎగుమతినే నిలిపేసింది. అదే రోజు అధ్యక్షుడు జాక్ షిరాక్ నౌకను వెనక్కి రమ్మన్నాడు. నాలుగు రోజుల్లో ఆయన భారత పర్యటనకు రావలసి ఉంది.

ఆఫ్రికా కొస చుట్టి నౌక మే 17న బ్రెస్ట్ చేరింది. 2009లో ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌కు తీసుకెళ్లారు. అక్కడా ఊరివాళ్లు మాకొద్దన్నారు. అయినా పని సాగి 2010 చివరికి ముగిసింది. కొలువు దిగాక పదమూడేళ్లు.

క్లెమెన్సో కథ ఒక గీత గీసింది. రిటైరైన యుద్ధనౌక సార్వభౌమత్వానికి గుర్తా, లేక ప్రమాదకర వ్యర్థమా? వ్యర్థమే అయితే దాన్ని ఇష్టమొచ్చినట్టు దేశం దాటించడాన్ని 1989 నాటి బాసెల్ ఒప్పందం ఒప్పుకోదు. ఫ్రెంచి కోర్టు వ్యర్థమనే చూసింది.

దిక్కులేని సావో పావ్లో

క్లెమెన్సోకు ఒక చెల్లెలుంది, పేరు ఫోష్. దాన్ని 2000లో బ్రెజిల్ 1.2 కోట్ల డాలర్లకు కొని సావో పావ్లో అని పేరు మార్చుకుంది. కొత్త ఇంట్లో సుఖపడింది తక్కువ, అగ్నిప్రమాదాలు, మరమ్మతులు. 2017లో వదులుకుంటున్నట్టు ప్రకటించి, చివరకు టర్కీ తుక్కు కంపెనీకి అమ్మారు.

2022 ఆగస్టు 4న ఒక డచ్చి టగ్ వెంట రియో నుంచి బయలుదేరింది. ఆస్బెస్టాస్ దాదాపు పది టన్నులేనని కాగితాల్లో ఉంది. అక్క కడుపులో వందల టన్నులు ఉండగా చెల్లెలి కడుపులో పదేనా అని టర్కీలో పర్యావరణవాదులు అడిగారు. జాబితాను కొత్తగా తయారు చేయాలని టర్కీ ప్రభుత్వం కోరింది, అది జరగలేదు. ఆగస్టు 26న అనుమతి రద్దయింది. జిబ్రాల్టర్ ముంగిట దాకా వెళ్లిన నౌక వెనుదిరిగింది.

అసలు విషాదం ఇంటికొచ్చాకే. పెర్నాంబుకో రాష్ట్రంలోని రేవు లోపలికి రానివ్వలేదు. కన్నవాళ్లు తలుపు తీయని బిడ్డలా నెలల తరబడి తీరానికి దూరంగా ఓడ చుట్లు తిరిగింది. ఓడ పక్కలకు దెబ్బలు తగిలాయి, నీరు ఎక్కసాగింది. లాగుతున్న ఖర్చు మోయలేం, వదిలేస్తామని కంపెనీ చేతులెత్తేసింది. జనవరి 20న నౌకాదళం తన చేతిలోకి తీసుకుని ముంచేస్తామంది. పర్యావరణ మంత్రి మరీనా సిల్వా వద్దన్నారు, ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకెక్కారు, కోర్టు ఆపలేదు. 2023 ఫిబ్రవరి 3న తీరానికి 350 కిలోమీటర్ల దూరాన, సుమారు 5 వేల మీటర్ల లోతున ముంచేశారు. లోపలి విషమంతా దాంతోనే.

ఇక్కడ తప్పు ఎవరిది? టర్కీది కాదు, రేవుది కాదు. తన ఓడలో ఏముందో తనకే సరిగా తెలియని యజమానిది.

అలంగ్ పోటు, విశాఖ కల

అలంగ్ ఒడ్డున ఆటుపోట్ల తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి పోటు మీద ఓడను వీలైనంత పైకెక్కిస్తారు; పాటు రాగానే అది బురదలో నిలబడిపోతుంది. 1983 నుంచి అక్కడ జరుగుతున్న పని ఇదే. ప్రకృతే ఉచితంగా ఇచ్చిన డ్రై డాక్. కాకపోతే కింద సిమెంటు నేల లేదు. ఓడలోంచి కారింది కారినట్టు పోటుతో కలిసి సముద్రంలోకి పోతుంది. ఈమధ్య చాలా యార్డులు సిమెంటు నేలలు, క్రేన్లు, శిక్షణ సమకూర్చుకున్న మాట నిజమే. అయినా ఉత్తరప్రదేశ్, బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన గ్యాస్ కట్టర్ కూలీలకు ఇది ఇప్పటికీ ప్రాణాంతకమైన పనే.

2020 సెప్టెంబరు 19న ముంబయి నుంచి ఈ ఒడ్డుకే కదిలింది విరాట్. బ్రిటన్‌లో హెర్మిస్ పేరుతో 1959లో కొలువెక్కి, 1982 ఫాక్‌లండ్స్ యుద్ధంలో ఆ దేశ నౌకా సమూహానికి నాయకత్వం వహించి, 1987 మే 12న మన నౌకాదళంలో చేరిన నౌక. 2017 మార్చి 6న విరమించింది.

దానిమీద తెలుగువారికీ ఒక కల ఉండేది. విరాట్‌ను విశాఖ తీరానికి తెచ్చి మ్యూజియం చేస్తామని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. ఖర్చులో కేంద్రం కూడా పాలుపంచుకోవాలంది, కేంద్రం సరేననలేదు. 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం సింధుదుర్గ్ తీరాన 852 కోట్ల ప్రణాళికకు ఆమోదం తెలిపింది. అదీ కాగితం దాటలేదు. తన కాళ్ల మీద తాను నిలబడే ప్రతిపాదన ఒక్కటీ రాలేదు కాబట్టి తుక్కుకే ఇస్తామని 2019లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. వేలంలో అలంగ్‌కు చెందిన శ్రీరామ్ గ్రూప్ 38.54 కోట్లకు దక్కించుకుంది. బరువులో విరాట్ కన్నా చిన్నదైన విక్రాంత్ అంతకుముందు పలికిన ధర కన్నా ఇది తక్కువ.

చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, ఒడ్డెక్కాక అందరికీ విరాట్ మీద ప్రేమ పుట్టింది. కొని గోవాలో మ్యూజియం చేస్తామని ఒక సంస్థ కోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విరవడాన్ని ఆపమంది. ఏప్రిల్‌లో, అప్పటికే 40 శాతం విరిచేశారని తేలాక, మీరు ఆలస్యంగా వచ్చారంటూ పిటిషన్ కొట్టేసింది.

మ్యూజియం పరిష్కారమేనా

మ్యూజియం చేసినంత మాత్రాన చావు తప్పిపోదు, వాయిదా పడుతుంది. విక్రాంత్‌ను చూడండి. 1971లో దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిటే మునిగిపోయింది. అంతటి చరిత్ర ఉన్న నౌక 1997లో విరమించాక 2001 నుంచి 2012 దాకా ముంబయిలో మ్యూజియంగా నిలిచింది. ఒళ్లంతా తుప్పు పట్టి, సందర్శకులకు ప్రమాదమని మూసేశారు. 2014లో సుప్రీంకోర్టు అడ్డు తొలగాక దారూఖానాలో విరిచేశారు. దాని ఇనుములో కొంత ఒక మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకులోకి చేరింది.

ఉప్పునీటిలో ఉన్న ఓడ రోజూ కరుగుతూ ఉంటుంది. అమెరికాలో ఐదు విమానవాహక నౌకల మ్యూజియాలున్నాయి. శాన్ డియేగోలోని మిడ్‌వేకు ఏటా పది లక్షలకు పైగా జనం వస్తారు. న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్‌ను 2006లో మరమ్మతుకు తీయబోతే, పాతికేళ్లుగా పేరుకున్న బురదలో ఇరుక్కుని నెల్లాళ్లు కదల్లేదు. బతుకుతున్న మ్యూజియాలు పెద్ద నగరాల ఒడ్డునే బతుకుతున్నాయి. టికెట్లు తెగనిచోట ఓడను కాపాడేది దేశభక్తి కాదు, ప్రభుత్వ ఖజానా.

మరి విశాఖలో మ్యూజియంగా నిలిచిన కుర్సురా? 2001 ఫిబ్రవరిలో విరమించిన ఆ జలాంతర్గామిని 2002 ఆగస్టు కల్లా విశాఖ బీచ్‌లో ఇసుక మీదకెక్కించి జనానికి తెరిచారు. ఏడాదిన్నర. అది నీటిలో లేదు, విమానవాహక నౌకలో పదోవంతు బరువు కూడా లేదు, నగరం నడిబొడ్డున ఉంది. అన్నిటికీ మించి, నిర్ణయం ముందే జరిగింది. విరాట్ విషయంలో విరమణ తర్వాత మూడున్నరేళ్లు ఉత్తరాలు తిరిగాయి.

ముంచేయడం మరో దారి. క్లెమెన్సో బ్రెస్ట్ చేరిన 2006 మే 17నే అమెరికా ఫ్లోరిడా తీరంలో ఒరిస్కనీ అనే విమానవాహక నౌకను చేపలకు ఆవాసంగా ముంచింది. శుభ్రం చేయడానికి, ముంచడానికి రెండు కోట్ల డాలర్లకు పైగా అయింది. అయినా తీగల్లో కొన్ని వందల పౌండ్ల పీసీబీలు మిగిలిపోయాయి. ఒరిస్కనీకీ సావో పావ్లోకీ తేడా ఉంది: ఒకటి కడిగి ముంచినది, రెండోది వదిలించుకోవడానికి ముంచినది.

తుక్కు కాకుండా బతికిపోయిన నౌక కూడా ఒకటుంది. సోవియట్ కాలంలో సగం కట్టి వదిలేసిన వర్యాగ్‌ను 1998లో మకావూ కంపెనీ ఒకటి తేలియాడే జూదశాల చేస్తామని 2 కోట్ల డాలర్లకు కొంది. టర్కీ పదహారు నెలలు జలసంధి దాటనివ్వలేదు. 2002లో చైనా చేరిన ఆ నౌక పదేళ్లకు లియావోనింగ్ పేరుతో చైనా తొలి విమానవాహక నౌకగా తేలింది. అది మినహాయింపు, అందరికీ అంత ఆయుష్షు ఉండదు.

తేలేదేమిటి

మళ్లీ ఎంటర్‌ప్రైజ్ దగ్గరికి వద్దాం. 1971 డిసెంబరులో మనల్ని బెదిరించడానికి బంగాళాఖాతంలోకి వచ్చిన నౌక అదే. విక్రాంత్, ఎంటర్‌ప్రైజ్ ఒకే సముద్రంలో ఎదురుబొదురయ్యే రోజులవి. నేడు ఎనిమిది రియాక్టర్ల ఆ నౌకను అలబామాలోని మొబైల్‌లో 2029 నవంబరు కల్లా విడగొట్టాలి. ఆ 53.7 కోట్ల డాలర్లు చూసి నవ్వుకోవచ్చు. కానీ ఈ నౌకలన్నిటిలో పూర్తి బిల్లు బహిరంగంగా రాసింది ఆ ఒక్కచోటే. మిగతాచోట్ల బిల్లు లేదని కాదు. దాన్ని బ్రెజిల్ సముద్రం అడుగున పడేసింది, మనం గ్యాస్ కట్టర్ పట్టిన కూలి ఊపిరితిత్తుల్లో పడేశాం.

ఓడల విరుపును నియంత్రించే హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది. కొత్త ఓడ కట్టేనాటి నుంచే ప్రమాదకర పదార్థాల జాబితా దాంతోపాటు తిరగాలని అది శాసిస్తుంది. కానీ యుద్ధనౌకలకు అది వర్తించదు. మన 2019 చట్టం, ఐరోపా సంఘం నిబంధనలు కూడా యుద్ధనౌకలను పక్కన పెట్టాయి. అన్నిటికన్నా ఎక్కువ విషం మోసే ఓడలకే మినహాయింపు దొరికిందన్నమాట. రహస్యాలు కాపాడాలనే వాదన నౌక కొలువులో ఉన్నంతకాలం చెల్లుతుంది. వేలానికి పెట్టాక చెల్లదు.

అందుకే అడగవలసినవి నాలుగు. ప్రతి యుద్ధనౌకకు లోపల ఏముందో చెప్పే జాబితా ఇప్పుడే తయారు కావాలి, అమ్మకం నాడు అది బహిరంగం కావాలి. శుద్ధి ఖర్చును నౌకాదళమే భరించాలి. వేలంలో ఎక్కువ పాడినవాడికే ఇవ్వడం కాక, సురక్షితంగా విరిచే యార్డుకు ఇవ్వాలి. మ్యూజియం చేసే ఆలోచన ఉంటే, విరమణకు రెండేళ్ల ముందే డబ్బుతో సహా రాష్ట్రాలు ముందుకు రావాలి. ఆ గడువు దాటితే కన్నీళ్లు అనవసరం.

ఇది దూరపు మాట కాదు. మన విక్రమాదిత్య సోవియట్ యార్డులో నీటిలోకి దిగింది 1982లో. నలభై ఏళ్లు దాటాయి. కార్వార్ నుంచి అది ఏదో ఒక రోజు టగ్ వెనకాల బయలుదేరక తప్పదు. ఆ ప్రయాణం ఎటు అన్నది ఈనాడే నిర్ణయించకపోతే, ఆనాడు దాన్ని నిర్ణయించేది అలంగ్ పోటే.